విప్పి బిగించిన తాళం పట్టేస్తే

(తిరుపతిలో తాళాల మరమ్మతు నేర్చుకుంటున్న యువకులనూ హార్డ్‌వేర్ దుకాణదారులనూ ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం తాళాల మరమ్మతు. అది ఒక్క పూటలో తేలే విషయం కాదు గనుక, మన దుకాణాల ముందుకు తరచుగా వచ్చే ఒక్క చిక్కునే తీసుకుంటాను. చక్కగా పనిచేస్తున్న తాళాన్ని శుభ్రం చేద్దామనో, లోపల ఏముందో చూద్దామనో విప్పి, ముక్కలన్నీ మళ్ళీ లోపల సర్ది, తాళం పైనున్న వంపు కడ్డీని నొక్కగానే అది టక్కున పడుతుంది, ఆపైన తాళం సొంత తాళంచెవికి కూడా లొంగకుండా కూర్చుంటుంది. "అన్నా, బీగం విప్పి కడిగి మళ్ళీ బిగించినా, ఇప్పుడు చూస్తే పట్టేసింది" అంటూ దాన్ని పట్టుకొని వచ్చేవాళ్ళు మీకందరికీ తెలుసు.

అటువంటి తాళాన్ని తుప్పు పట్టిన తాళంతో సమానంగా చూడడం వల్లనే చాలా తాళాలు చెత్తలోకి పోతున్నాయని నా అభిప్రాయం. తుప్పు పట్టినదానిలో లోహమే చెడిపోయింది కాబట్టి అక్కడ నూనె, వేడి, సుత్తి దెబ్బ ఎంతో కొంత పనిచేస్తాయి. విప్పి బిగించినదానిలో మాత్రం చెడిపోయిన ముక్క ఒక్కటీ ఉండదు. నిన్నటిదాకా పనిచేసినవే అన్నీ లోపల ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి తన చోట లేదు, లేదా తన వైపుకు తిరిగి లేదు. ఏ ముక్క ఎటు పోయిందో చెవి కదలికను బట్టి ఊహించగలిగితే చాలాసార్లు ఒక్క కోత కూడా లేకుండా తాళం వచ్చేస్తుంది. ఊహించకుండా బలం వాడితే మంచి ముక్క కాస్తా వంగి, అప్పటిదాకా లేని మరమ్మతు కొత్తగా పుట్టుకొస్తుంది.

అసలు తాళాలను ఎందుకు విప్పుతున్నారని మీరు అడగవచ్చు. మన ఊరిలో దానికి కారణాలు ఉన్నాయి. దుకాణం షట్టరుకు వేసే తాళం నేలకు ఆనినంత దగ్గరగా ఉంటుంది. 2021 నవంబరు వరదల్లో వీధుల్లో నిలిచిన బురదనీరు అటువంటి తాళాల్లోకి సులువుగా చేరింది. శుక్రవారాలలోనూ విజయదశమినాడూ తాళానికి పసుపు కుంకుమలు పెట్టడం మన ఆచారం. ఆ పొడి చెవి దూరే సందులోకి జారి, ఎవరో పుణ్యాత్ములు లోపల పోసిన కొబ్బరినూనెతో కలిసి, కొంతకాలానికి బంకగా మారుతుంది. కొబ్బరినూనె, ఆముదం తాళానికి మందు కావు. అవి పోసిన రోజు చెవి హాయిగా తిరుగుతుంది, ఆ తర్వాత దుమ్మును పట్టి ఉంచి చిక్కబడతాయి. బొట్టు పెట్టవద్దని నేను ఎవరికీ చెప్పను. బొట్టును తాళం ముఖానికి పెట్టండి, చెవి సందుకు పెట్టకండి. (సభలో నవ్వులు)

ఇక లోపలి అమరికకు వద్దాం. ఈ రోజు బజారులో దొరికే గట్టి తాళాల్లో ఎక్కువ వాటికి పిన్నుల సిలిండరు ఉంటుంది. అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ 1861లోనూ 1865లోనూ పొందిన పేటెంట్ల నుంచి వచ్చిన ఏర్పాటే నేటికీ స్వల్ప మార్పులతో నడుస్తోంది. చెవి దూరి దానితో పాటు తిరిగే ఇత్తడి కడ్డు ప్లగ్గు. అది తిరిగే గొట్టం సిలిండరు. ప్లగ్గులో వరుసగా అయిదారు రంధ్రాలు, వాటికి సరిగ్గా ఎదురుగా సిలిండరులో అన్నే రంధ్రాలు ఉంటాయి. ప్రతి రంధ్రంలో చెవిని తాకే పిన్ను ఒకటి, దాని వెనుక డ్రైవర్ పిన్ను ఒకటి, ఆ వెనుక ఒక స్ప్రింగు. చెవిని తాకే పిన్నులు ఒక్కొక్కటి ఒక్కో పొడవు. సరైన చెవి దూరినప్పుడు రెండు పిన్నులూ కలిసే గీత ప్రతి రంధ్రంలోనూ ప్లగ్గు అంచుతో ఒకే వరుసకు వస్తుంది, అప్పుడే ప్లగ్గు తిరుగుతుంది. ఒక్క రంధ్రంలో ఒక్క పిన్ను వెంట్రుకవాసి అటో ఇటో ఉన్నా తిరగదు.

ప్లగ్గు వెనుక ఒక తోక ఉంటుంది, అది క్యామ్ అనే ముక్కను తిప్పుతుంది. గట్టి రకాల్లో ఆ క్యామ్‌కు రెండు పక్కలా రెండు ఉక్కు గుండ్లు ఉంటాయి. క్యామ్ ఒక స్థితిలో వాటిని బయటికి నెట్టి కడ్డీ కాళ్ళకు ఉన్న గాట్లలో కూర్చోబెడుతుంది. చెవి తిప్పినప్పుడు క్యామ్ పక్కలనున్న గుంటలు గుండ్లకు ఎదురుగా వస్తాయి, గుండ్లు లోపలికి జారుతాయి, అడుగునున్న స్ప్రింగు కడ్డీని పైకి తోస్తుంది. చౌక రకాల్లో గుండ్లకు బదులు స్ప్రింగుతో కదిలే చిన్న నాలుక ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. విప్పడానికి వీలుగా తయారుచేసిన తాళాల్లో సిలిండరును పట్టి ఉంచే స్క్రూను సాధారణంగా కడ్డీ కాలు దూరే రంధ్రం అడుగున పెడతారు. కడ్డీ తెరిచి పక్కకు తిప్పితేనే స్క్రూడ్రైవరు అక్కడికి దిగుతుంది. దొంగ చేతికి అది అందకూడదని అలా పెట్టారు, అది సరైన ఆలోచనే. తాళం మూసుకుపోయిన మరుక్షణం యజమానికి కూడా ఆ దారి మూసుకుపోతుంది. తప్పుగా బిగించిన తాళం కడ్డీ తెరిచి ఉన్నంతసేపూ రెండు నిమిషాల పని, కడ్డీ పడిన తర్వాత అది పూటంతా పట్టే పని. అందువల్ల బిగించిన తర్వాత కడ్డీని నొక్కి చూడాలనే సరదాను కొంచెంసేపు ఆపుకోవాలి. కడ్డీని పక్కకు తిప్పి, ఆ ఖాళీ రంధ్రంలోకి టార్చి వేసి, చెవిని నెమ్మదిగా తిప్పుతూ చూడండి. గుండు రంధ్రంలోకి తొంగిచూసి మళ్ళీ లోపలికి పోవాలి. అది బయటికి వచ్చి అక్కడే నిలిచిపోతే, లేదా అసలు కనిపించకపోతే, కడ్డీ మూయకుండా మళ్ళీ విప్పండి.

అలా జాగ్రత్త పడకుండా బిగించిన తాళం మూసుకొని మన ముందుకు వచ్చిందనుకుందాం. దాన్ని చేతిలోకి తీసుకోగానే ముందు అడగవలసినది అది ఎవరిదన్న మాట. విడిగా చేతిలో పట్టుకొచ్చిన తాళమైతే చిక్కు లేదు. తలుపుకో షట్టరుకో వేసి ఉన్న తాళం దగ్గరకు రమ్మంటే మాత్రం ఇంటివారో దుకాణంవారో ఎదురుగా ఉండాలి, ఆ చోటుకు వారికి ఉన్న సంబంధం కాగితంలోనో ఇరుగుపొరుగు మాటలోనో తేలాలి. లాడ్జీలూ సత్రాలూ ఇన్ని ఉన్న ఊరిలో, గదిలో దిగినవారు అడిగినా లాడ్జీ మనిషి రాకుండా తాళం ముట్టుకోవద్దు.

రెండవ ప్రశ్న: విప్పింది ఎవరు, ఎంతవరకు విప్పారు? పిన్నులు కింద పడ్డాయా, స్ప్రింగు ఏదైనా ఎగిరిపోయిందా, మిగిలిపోయిన ముక్క జేబులో ఉందా? మొహమాటపడి చెప్పనివారు ఉంటారు. "ఏమీ మిగల్లేదు" అన్న తర్వాత కూడా పని చేసిన చోట ఊడ్చి చూడమని పంపించండి. దొరికిన ఒక్క స్ప్రింగు సగం రోగనిర్ధారణతో సమానం.

ఆ తర్వాత తాళాన్ని వైసు అనే పట్టు పరికరంలో బిగించి, దాని దవడలకు చెక్కముక్కలు పెట్టి, మొదట చేయవలసిన పని చాలా చిన్నది. కడ్డీని బొటనవేళ్ళతో గట్టిగా లోపలికి నొక్కి పట్టుకొని, అదే సమయంలో చెవిని తెరిచే వైపు తిప్పాలి. కడ్డీ కింది స్ప్రింగు కడ్డీని ఎప్పుడూ పైకి తోస్తూ ఉంటుంది. గుండు గాని నాలుక గాని కొంచెం వంకరగా కూర్చుంటే ఆ ఒత్తిడికి అది గాటు అంచున నలిగి కదలదు. కడ్డీని నొక్కితే ఆ ఒత్తిడి తొలగుతుంది. తర్వాత చెవిని తెరిచే వైపు కాకుండా వెనక్కి, అంటే మూసే వైపు చివరిదాకా ఒకసారి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పండి. వెనక్కి తిప్పడం వృథా పనిగా అనిపిస్తుంది, నిజానికి పట్టేసిన యంత్రభాగాలకు అది పాత వైద్యం. ఇంగ్లండులో జెరెమయా చబ్ 1818లో పేటెంటు పొందిన తాళం, ఎవరైనా దొంగచెవితో లీవరును, అంటే చెవి ఎత్తే లోపలి రేకును, అతిగా ఎత్తితే కావాలనే పట్టేసేది. ఆ తాళం తర్వాతి నమూనాల్లో యజమాని తన చెవిని వెనక్కి తిప్పితే అది మామూలు స్థితికి వచ్చేది. మన తాళంలో అటువంటి ఏర్పాటు లేకపోయినా, పక్కకు ఒరిగిన ముక్క వెనక్కి వెళ్ళినప్పుడు తన గూటిలో పడే అవకాశం ఉంది.

దానికీ రాకపోతే చెవి ఎంతవరకు వెళ్తోందో, ఎక్కడ ఆగుతోందో చేతికి తెలిసేలా నెమ్మదిగా పరీక్షించాలి. ఇక్కడ తొందర వద్దు. మరమ్మతు మొత్తం ఈ పరీక్షలోనే ఉంది.

చెవి పూర్తిగా లోపలికి పోకుండా మధ్యలోనే ఆగిపోతుంటే, చెవి సందులో ఏదో పడి ఉంది, లేదా ఒక రంధ్రంలో పిన్నులు పైకి లేవలేకపోతున్నాయి. ఒకే రంధ్రంలో పొరపాటున రెండు స్ప్రింగులు పెట్టినా, స్ప్రింగు ఒంగి పిన్ను పక్కన ఇరుక్కున్నా అక్కడ పిన్నులు కదలని దిమ్మెలా ఉంటాయి. చెవిని సుత్తితో కొట్టి దించాలని చూడవద్దు. చెవి విరిగితే లోపలి ముక్కను తీయడం మరో పని. సందులోకి పలచని తీగను పంపి, ఏ లోతులో అడ్డు తగులుతోందో చెవి మీద గుర్తు పెట్టుకోండి. ఆ లోతులో ఎన్నో పిన్ను ఉందో దానితో తెలుస్తుంది. తీగ కొసతో ఆ పిన్నును నెమ్మదిగా కదుపుతూ, పక్క నుంచి తాళం మీద చెక్క పిడితో తట్టండి. ఒంగిన స్ప్రింగు చాలాసార్లు సర్దుకుంటుంది.

చెవి పూర్తిగా దిగి, అసలే తిరగకపోతే అనుమానం పిన్నుల క్రమం మీదికి పోవాలి. విప్పినప్పుడు పిన్నులన్నీ పళ్ళెంలో కలిసిపోతే, తిరిగి వేసేటప్పుడు ఒకదాని చోట ఇంకొకటి పడుతుంది. కడ్డీ నొక్కితే చాలు మూసుకొనే తాళాలకు చెవితో పని లేదు గనుక, పిన్నులు తప్పు క్రమంలో ఉన్నా తాళం చక్కగా పడుతుంది, అప్పుడే తెలుస్తుంది తెరుచుకోదని. ఇక్కడ కొంచెం లెక్క పనికొస్తుంది. అయిదు పిన్నుల తాళంలో పిన్నులను 120 రకాలుగా పేర్చవచ్చు. అన్నీ కలిసిపోయాయంటే అది పెద్ద సంఖ్యే. కాని ఎక్కువమంది ఏవో రెండు పిన్నులను మాత్రమే తారుమారు చేసి ఉంటారు. అయిదింటిలో రెండు మారే విధానాలు 10 మాత్రమే. పాత చెవి మీది గంట్ల లోతులు మనకు తెలుసు. ఆ గంట్లలో రెండింటిని తారుమారు చేసి నకలు చెవిని కోస్తే, ఇప్పుడు లోపలున్న తప్పు క్రమానికి అదే సరైన చెవి అవుతుంది! గంట్ల లోతులలో కొన్ని సమానంగా ఉంటే ప్రయత్నించవలసినవి పదికన్నా తగ్గుతాయి. లోతు తక్కువ గంటు గల చెవిని ముందు కోసి, పనిచేయకపోతే దాన్నే ఇంకా లోతుగా కోసుకుంటూ పోతే చెవి ముక్కలు కూడా ఎక్కువ ఖర్చు కావు. చెవులు కోసే యంత్రం ఉన్న దుకాణదారులు ఈ పద్ధతిని అలవాటు చేసుకోవాలని నా కోరిక. కత్తిరింపు లేదు, తాళానికి గీత పడదు, తెరుచుకున్నాక సిలిండరు విప్పి పిన్నులను పాత క్రమంలోకి తెచ్చుకుంటే పాత చెవే మళ్ళీ పనికొస్తుంది.

ఇంకొక సందర్భం ఉంది. చెవిని తాకే పిన్నుకు ఒక కొస సన్నగానో గుండ్రంగానో ఉంటుంది, ఆ కొస చెవి వైపు ఉండాలి. దాన్ని తలకిందులుగా వేస్తే పొడవు మారదు గాని, చదును కొస గంటు వాలుల మీద ఎక్కి కూర్చోవడంతో పిన్ను కొంచెం ఎత్తుగా నిలుస్తుంది. అటువంటప్పుడు చెవిని పూర్తిగా దింపి, అర మిల్లీమీటరంత వెనక్కి లాగి, పైకీ కిందికీ మెల్లగా ఊపుతూ తిప్పడానికి ప్రయత్నించండి. చేతికి ఓపిక ఉంటే ఇది లొంగుతుంది. ఒక రంధ్రంలో స్ప్రింగు వేయడం మరచిపోయి ఉంటే తాళాన్ని పట్టుకొనే తీరు ముఖ్యం. స్ప్రింగు పిన్నును ఏ వైపుకు నెట్టవలసి ఉందో ఆ వైపు కిందికి వచ్చేలా తాళాన్ని పడుకోబెడితే, స్ప్రింగు పనిని పిన్ను బరువే చేస్తుంది. తాళాన్ని నాలుగు వైపులా తిప్పి, ప్రతి వైపూ చెవిని పరీక్షించడానికి ఖర్చేమీ లేదు.

చెవి సగం తిరిగి ఆగిపోతోందా? అయితే పిన్నులు నిర్దోషులు. అవి సరిగా లేకపోతే ప్లగ్గు కదిలేదే కాదు. ఇప్పుడు చిక్కు ప్లగ్గు వెనుక ఉంది. క్యామ్‌ను ఒక పావు మలుపు అటో ఇటో తప్పుగా పెట్టి ఉండవచ్చు, తోక గూటిలో సరిగా పడకపోయి ఉండవచ్చు, గుండ్లలో ఒకటి పోతే సైకిలు బేరింగు నుంచి అందిన గుండును వేసి ఉండవచ్చు. ఈ చివరి పని చాలామంది చేస్తారు. కొంచెం పెద్దదైన గుండు గాటులో బాగానే కూర్చుంటుంది, లోపలికి పోవడానికి మాత్రం క్యామ్ గుంట చాలదు. అప్పుడు చెవిని తెరిచే వైపు ఆగినంత వరకు తిప్పి పట్టుకొని, బలవంతం చేయకుండా, ఇంకొకరి చేత కడ్డీని స్వల్పంగా పైకి లాగిస్తూ తాళం పక్కలను చెక్క సుత్తితో తట్టాలి. కడ్డీ గాటు వంపుగా ఉంటుంది గనుక, పైకి లాగినప్పుడు ఆ వంపే గుండును లోపలికి తోస్తుంది. గట్టిగా లాగితే గుండు నలిగి బిగుసుకుంటుంది. లాగీ లాగనట్టు లాగాలి. ఇది నోటితో చెప్పడం కష్టం, చేత్తో చేస్తే అర్థమవుతుంది.

ప్లగ్గు సగం మలుపు, అంటే 180 డిగ్రీలు తిరిగి అక్కడే పట్టేసిన సందర్భం మరొకటి. బిగించేటప్పుడు చెవిని అవసరానికి మించి తిప్పితే, చెవి సందు అడుగు భాగం డ్రైవర్ పిన్నులకు ఎదురుగా వస్తుంది. ఆ అడుగు తెరిచి ఉన్న నమూనాల్లో, స్ప్రింగు తోపుకు డ్రైవర్ పిన్నులు ఆ సందులోకి దిగిపోతాయి. ఇక ప్లగ్గు ముందుకూ కదలదు, వెనక్కూ కదలదు. చూసినవారు తాళం పని అయిపోయిందనుకుంటారు. సన్నగా ఆకురాయితో అరగదీసిన పాత హ్యాక్సా బ్లేడు ముక్కను సందులోకి ఆ పిన్నుల వైపున పూర్తి పొడవునా దూర్చి, పిన్నులన్నిటినీ ఒకేసారి వెనక్కి నొక్కి, ప్లగ్గును కొద్దిగా తిప్పితే చాలు, అవి తమ రంధ్రాల్లోకి వెళ్ళిపోతాయి.

చెవి ఏ అడ్డూ లేకుండా తిరిగి, కడ్డీ మాత్రం రాకపోతే రెండే అవకాశాలు. మొదటిది మంచిది: కడ్డీ కింద స్ప్రింగు వేయడం మరచిపోయారు. తాళం నిజానికి తెరుచుకొనే ఉంది, కడ్డీని పైకి తోసేవారు లేరు. చెవిని తిప్పి పట్టుకొని చేత్తో లాగండి, వచ్చేస్తుంది. రెండవది చెడ్డది: ప్లగ్గు తోకకూ క్యామ్‌కూ సంబంధం తెగింది. తోక గూటికి కొంచెం దూరంలో ఉంటే, సిలిండరు ముఖాన్ని బొటనవేలితో లోపలికి నొక్కుతూ చెవిని అతి నెమ్మదిగా తిప్పితే ఒకచోట తోక గూటిలో పడుతుంది. కలిపే ముక్కనే లోపల పెట్టకుండా బిగించి ఉంటే మాత్రం చెవితో ఏమీ కాదు. గుండ్లకు బదులు స్ప్రింగు నాలుక ఉన్న చౌక తాళమైతే, కడ్డీ కాలి పక్కన పలచని రేకును దూర్చి నాలుకను వెనక్కి తోయవచ్చు. గుండ్ల తాళంలో ఆ దారి లేదు. వెనక్కి పోకుండా క్యామ్ వాటిని అడ్డుకుంటుంది. ఆ తాళాన్ని కోయవలసిందే.

ఇంతవరకు చెప్పింది పిన్నుల తాళాల గురించి. మన ఇళ్ళలో, పాత దుకాణాల్లో లీవర్ల తాళాలు ఇంకా ఎక్కువ. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ ఆ తాళాలకు పేరు మోసింది. మనకు దగ్గరలో తమిళనాడులోని దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. వీటిలో పిన్నులు ఉండవు. ఒకదానిపై ఒకటి పేర్చిన పలచని లోహపు రేకులు, ఒక్కొక్కదానికి ఒక్కో స్ప్రింగు, ప్రతి రేకులోనూ ఒక్కో ఎత్తులో కోసిన సందు ఉంటాయి. చెవి పళ్ళు ఆ రేకులను తగినంత ఎత్తినప్పుడు సందులన్నీ ఒకే గీతకు వస్తాయి, అప్పుడు నాలుక మీది బుడిపె వాటిలోంచి జారి వెనక్కి వెళ్తుంది. ఆరు లీవర్ల తాళంలో రేకుల క్రమం పోతే పేర్చే విధానాలు 720. దానికి తోడు రేకును వెల్లకిలా బోర్లా వేసే అవకాశం కూడా ఉంది. అందుచేత ఇక్కడ నకలు చెవి ఉపాయం అన్నిసార్లూ సాగదు.

అయితే లీవర్ల తాళంలో మనకు ఒక సౌకర్యం ఉంది. దాని ఒంటిని పట్టి ఉంచేవి బయటికి కనిపించే రివిట్లు. కడ్డీ మూసి ఉన్నా రివిట్ల తలలను డ్రిల్లుతో తొలిచి మూత తీయవచ్చు. ముందే ఒకసారి విప్పిన తాళమైతే ఆ రివిట్లు కొత్తవి, మెత్తనివి, పని ఇంకా తేలిక. మూత తీసేముందు తాళాన్ని బల్ల మీద పడుకోబెట్టి, మూత పైకి ఉండేలా చూసుకోండి. తలకిందులైతే రేకులన్నీ జారి, చూడవలసిన సాక్ష్యం పోతుంది. మూత తీయగానే ఏదీ ముట్టుకోకుండా ఫోనుతో ఒక ఫోటో తీయండి. తర్వాత చెవిని ఉంచి, ఒక్కొక్క రేకు సందు బుడిపెకు ఎదురుగా వస్తోందో లేదో చూసుకుంటూ రేకులను అమర్చండి. ఎక్కువసార్లు కనిపించేది రేకుల క్రమం తప్పడం కూడా కాదు, ఒక రేకు స్ప్రింగు దాని ఆనిక నుంచి జారిపోవడం. చూస్తూనే తెలిసిపోతుంది.

కోయక తప్పని తాళం గురించి రెండు మాటలు. గట్టిపరచిన కడ్డీని హ్యాక్సా బ్లేడు కోయలేదు, బ్లేడే అరిగిపోతుంది. గ్రైండరు వాడాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, నిప్పురవ్వలు పడే చోట కర్పూరం, కిరసనాయిలు, థిన్నరు వంటివి ఉండకూడదు. రెండు కాళ్ళూ గుండ్లతో పట్టి ఉన్న కడ్డీని ఒక్కచోట కోస్తే అది తిరగదు, కాబట్టి రెండుచోట్ల కోసి నడిమి ముక్కను తీసేయాలి. ఆ తర్వాత తాళం ఒంటిని పారేయకండి. సిలిండరు, క్యామ్, గుండ్లు, పిన్నులు, స్ప్రింగులు అన్నీ బాగానే ఉన్నాయి, మరో తాళానికి పనికివస్తాయి.

బిగించేటప్పుడు పాటించవలసిన వరుస కూడా చెప్పి ముగిస్తాను. పిన్నులు తీసేటప్పుడు మాత్రల డబ్బాలాంటి గళ్ళున్న పెట్టెలో ఒక్కో గదిలో ఒక్కో రంధ్రం సామాను పెట్టుకోండి. ప్లగ్గును వెనక్కి లాగేటప్పుడు దాని వెంటే అంతే లావున్న చెక్క కడ్డును లోపలికి పంపితే డ్రైవర్ పిన్నులు బయటికి దూకవు. సిలిండరు చేతిలో ఉన్నప్పుడే చెవిని పరీక్షించండి. తాళంలో పెట్టాక మళ్ళీ పరీక్షించండి. స్క్రూ బిగించాక మూడవసారి పరీక్షించండి. మొదటి రెండుసార్లు తిరిగిన చెవి మూడవసారి బిగుసుకుంటే స్క్రూ కొస సిలిండరును నొక్కుతోందని అర్థం, దాన్ని కొంచెం వదులు చేయండి. లోపల నూనెకు బదులు గ్రాఫైటు పొడి చిటికెడు చాలు.

ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి.

(సభికులలో ఒకరు: చెవి తిరుగుతోంది, తాళం తెరుచుకొంది, కాని చెవి బయటికి రావడం లేదు. ఇదీ తప్పుగా బిగించినట్టేనా సార్?)

చాలా తాళాల్లో కడ్డీ తెరిచి ఉన్నంతసేపూ చెవి రాదు. తాళం వేయకుండానే చెవిని తీసుకొని వెళ్ళిపోకుండా అలా చేశారు. కడ్డీ మూసి, చెవిని మొదటి స్థితికి తెచ్చి లాగి చూడండి. అప్పుడు వస్తే లోపమేమీ లేదు. కడ్డీ మూసి ఉన్నప్పుడు రాక, తెరిచి ఉన్నప్పుడు మాత్రమే వస్తోందంటే క్యామ్‌ను పావు మలుపు తప్పుగా పెట్టారు. ఇది అదృష్టవంతమైన తప్పు, చెవి ఇంకా పనిచేస్తోంది గనుక కడ్డీ తెరిచి, విప్పి సరిచేయవచ్చు.

(మరొకరు: తిరుమలకు వచ్చే యాత్రికులు సూట్‌కేసులకు వేసే నంబరు తాళాన్ని పిల్లలు విప్పి బిగించారు. పాత నంబరుకు రావడం లేదు.)

అందులో అంకెలున్న చక్రం ఒకటి, దాని లోపల గాటున్న ఉంగరం ఒకటి. బిగించేటప్పుడు చక్రం ఉంగరం మీద ఒకటి రెండు అంకెలు పక్కకు జరిగి కూర్చుంటుంది, కాబట్టి నంబరు పోలేదు, జరిగింది. ముందు ఒక్కొక్క చక్రాన్నే పాత అంకెకు అటొకటి ఇటొకటి జరిపి చూడండి. కాకపోతే మూడు చక్రాల తాళంలో మొత్తం 1,000 నంబర్లే ఉన్నాయి. ఒక్కోదానికి 3 సెకన్లు పట్టినా వరుసగా అన్నీ చూడడానికి 50 నిమిషాలు. కడ్డీని వేలితో కొద్దిగా లాగి పట్టుకొని చూసుకుంటూ పోండి. నాలుగు చక్రాలదైతే ఇదే లెక్కన ఎనిమిది గంటలు దాటుతుంది. అప్పుడు యాత్రికుణ్ణి అడిగి కోసేయండి, ఆయనకు రైలుంటుంది.